తడి చలికాలం

లద్దాఖ్‌లోని లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి పొడి. పగటి ఎండ వేడి రాత్రికి ఆకాశంలోకి పోతుంది. జనవరిలో నీళ్లు గడ్డకడతాయి. మా ఊరు పెదపారుపూడిలో చలి వేరు. దగ్గర్లోని బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ రాత్రి వేడిని పూర్తిగా పోనివ్వదు. ధనుర్మాసం పొద్దుల్లో గుడివాడ రోడ్డు మంచులో కనబడదు, కానీ ఎండెక్కేసరికి చలి పోతుంది.

ఆ తేమే మాకు అన్నం పెడుతుంది. వరి కోతకు ముందే చేలో మినుములు చల్లుతారు. కోతయ్యాక నేలలో మిగిలిన పదనుతో, రాత్రి కురిసే మంచుతో ఆ పైరు ఎదుగుతుంది.

ఆ తేమే ముంచుతుంది కూడా. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపానుకు కోతకొచ్చిన వరి నేలకొరిగింది. ప్రభుత్వం ధాన్యం కొనాలంటే అందులో తేమ 17 శాతం దాటకూడదు. మబ్బు పట్టిన వారంలో రోడ్డు మీద ఆరబోసిన రాశి ఎలా ఆరుతుంది? మంచును, ముసురును ఆపలేం. ఊరూరా ధాన్యం ఆరబెట్టే యంత్రం, ఎత్తైన కళ్లం మాత్రం ఏర్పాటు చేయగలం. రైతు కష్టం గింజగా చేతికందాలంటే అవి ఉండి తీరాలి.