కబ్బన్ పార్కులో ఆదివారం, పిల్లల సైకిళ్లతో

బెంగుళూరులో పిల్లలకు సైకిలు కొనిపెట్టడం సులభమే. తొక్కడానికి చోటు చూపించడమే కష్టం. నగరంలో నమోదైన మోటారు వాహనాలు కోటి దాటినవి. అందులో మన వీధికి వచ్చిన వాటా చాలదన్నట్టు పక్క వీధివి కూడా మన గుమ్మం ముందే వచ్చి నిలుస్తున్నవి. పుట్టినరోజుకు కొన్న సైకిలు వరండాలో తువ్వాళ్లు ఆరవేసుకోవడానికి పనికివస్తున్నది. అయిదారేండ్ల పిల్లవాడు కారు కిటికీలోంచి తప్ప ఊరిని మరో విధంగా ఎరుగడు. ఈ సంగతి మమ్మల్ని చాలాకాలంగా బాధిస్తున్నది. అందుకనే మనుమడు, మనుమరాలు వచ్చినప్పుడల్లా ఆదివారం తెల్లవారగానే కబ్బన్ పార్కుకు ప్రయాణం కడుతున్నాము.

ఆదివారాల్లో పార్కు లోపలి రోడ్ల మీదికి మోటారు వాహనాలను రానివ్వరు. తక్కిన రోజుల్లో అవే రోడ్లు నగరం ఈ కొసనుంచి ఆ కొసకు పోయేవారికి అడ్డదారులు. 2020లో లాక్‌డౌన్ నెలల్లో వాహనాలు లేక పార్కు నిశ్శబ్దమైపోయింది. ఆ రుచి మరిగిన నడకవారూ సైకిలువారూ శాశ్వతంగా ఇలాగే ఉంచండని అడిగారు. వాహనాలు తిరిగి రానే వచ్చినవి. మిగిలిన ఆదివారాన్నయినా అందరమూ వాడుకుంటూ ఉంటేనే అది నిలుస్తుందని మా నమ్మకం. ఖాళీగా పడి ఉన్న రోడ్డును ఎవరయినా అడుగుతారు కదా!

1870లో సాంకీ అనే ఇంజనీరు చేతిమీదుగా ఏర్పడిన తోట ఇది. మొదట మీడ్స్ పార్కు అన్నారు. 1927లో కృష్ణరాజ ఒడెయరు పాలనకు రజతోత్సవం జరిగినప్పుడు శ్రీ చామరాజేంద్ర పార్కు అని పేరు మార్చారు. జనం నోట మాత్రం కబ్బన్ పార్కే. ఒక పక్క ఎర్రని హైకోర్టు భవనం ఉన్నది. పూర్వం ప్రభుత్వపు పద్దెనిమిది శాఖల కచేరీలు అందులో ఉండేవి కాబట్టి అఠారా కచేరి అంటారు. కొంత దూరాన శేషాద్రి అయ్యరు స్మారక భవనం, అదీ ఎరుపే. లోపల గ్రంథాలయం నడుస్తున్నది. మా మనుమడు ఎనిమిదేండ్లవాడు. వాడి లెక్కలో "మొదటి ఎర్ర ఇల్లు", "రెండో ఎర్ర ఇల్లు" అన్నవే మైలురాళ్లు. చిన్నపిల్లలకు దూరం ఫర్లాంగుల్లో చెబితే తెలియదు, ఇలా చెబితే కాళ్లు వాటంతటవే తిరుగుతవి.

ఆరున్నరకల్లా చేరుకోవడం మేలు. తొమ్మిది దాటితే ఎండతోపాటు జనమూ ఎక్కువవుతారు. ఇంటినుంచి పార్కుదాకా తొక్కించుకుని రావడం మాకు సమ్మతం కాదు. పిల్ల సైకిలు ఆటోలో పట్టుతుంది. ముందు చక్రం అడ్డం తిప్పి కాళ్ల దగ్గర పెట్టుకోవాలి, అంతే. ఆటోవాళ్లు ఒక్కొక్కరు పది రూపాయలు ఎక్కువ అడుగుతారు. ఇస్తున్నాము.

ఇక సైకిలు సంగతి. మన ఇండ్లలో బడి చొక్కా ఒక సైజు పెద్దది కుట్టించినట్టే సైకిలూ పెద్దది కొంటారు. "వచ్చే ఏడుకు కూడా పనికివస్తుంది" అన్నది మన పాత వేదాంతం. చొక్కా వదులయితే పడిపోము, సైకిలు పెద్దదయితే పడతాము. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనాలి. నాలుగేండ్లవారికి పన్నెండంగుళాల చక్రం గాని, కాస్త పొడుగరి అయితే పదహారంగుళాలది గాని సరిపోతుంది. ఎనిమిదేండ్లవారికి ఇరవై.

నేర్పడానికి పక్కచక్రాలు బిగించే పద్ధతి మాకు నచ్చదు. పక్కచక్రాల మీద పిల్ల పెడలు తొక్కడం నేర్చుకుంటుంది గాని పడకుండా నిలుచుకోవడం నేర్చుకోదు. అది నేర్చుకోవలసిన రోజున మళ్లీ మొదటికే వస్తుంది. దానికంటె పెడళ్లు రెండూ ఊడదీసి, సీటు బాగా దించి, కాళ్లతో నేలను తన్నుకుంటూ పొమ్మనాలి. ఎడమ పెడలు మర తక్కినవాటికి ఎదురుగా తిరుగుతుందని మరువకూడదు. స్పానరును గడియారపు ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. మా మనుమరాలు మూడు ఆదివారాలు అలా తన్నుకుంటూ తిరిగింది. నాలుగో వారం పెడళ్లు బిగిస్తే, వెనక పట్టుకున్న చేయి ఎప్పుడు వదిలామో దానికి తెలియలేదు. బ్యాండు స్టాండు దగ్గర ఆగి వెనక్కి తిరిగి, "తాతా, ఈ రోడ్డంతా మనదేనా?" అన్నది. ఈ పూటకు మనదే అన్నాము.

ఇంకా చిన్నవారిని పెద్దల సైకిలు మీదనే తీసుకుపోవాలి. ఏడాది నిండి, హెల్మెట్టు బరువుతో సహా తల నిలుపుకోగలిగితే గాని ఎక్కించకూడదు. వెనక క్యారియరు మీద ఉత్తగా కూర్చోబెట్టి "గట్టిగా పట్టుకో" అనడం మన దేశంలో మామూలు. ప్రమాదం పట్టు జారడంలో కంటె పాదం జారడంలో ఎక్కువ. మడమ చువ్వల్లో ఇరుక్కుంటే చర్మం ఒలుచుకుపోతుంది, ఎముకా విరగవచ్చు. ఇది ఎముకల డాక్టర్లందరికీ తెలిసిన గాయమే. వీపుకు ఆనుడు, నడుముకు పట్టీ, పాదాలకు గూడు ఉన్న సీటు బిగించి, చక్రానికి చీర గార్డు వేయించి, పిల్లకు బూట్లు తొడిగితే ఆ భయం చాలామటుకు పోతుంది.

పెద్దవాళ్లు ఇద్దరుంటే ఒకరు ముందు, ఒకరు వెనక. వెనకవారు పిల్లకు కాస్త కుడివైపుగా తొక్కాలి. వాహనాలు లేకపోయినా నడిచే ముసలివారు ఉన్నారు, చక్రాల బూట్ల పిల్లలు ఉన్నారు, కుక్కలు ఉన్నవి. బెల్లు కొట్టడం, నెమ్మదించడం ఇక్కడే అలవాటవుతుంది. వెదురు పొదల దగ్గర నీడ చల్లగా ఉంటుంది. ఇడ్లీలూ చక్కిలాలూ తీసే చోటు మాకు అదే. బాలభవన్ వైపు మాత్రం చివరకు గాని తిప్పకూడదు, చూశారంటే సైకిలు సంగతి మరచిపోతారు.

మన పాఠకులందరూ బెంగుళూరులో లేరు. షోలాపూరులోనో బరంపురంలోనో ఉన్నవారు కబ్బన్ పార్కు కోసం ఎదురుచూడనక్కరలేదు. తెల్లవారుజామున వాహనాలు రాని మైదానమో, బడి ఆవరణో, రోడ్డు దాటవలసిన పని లేకుండా గుండ్రంగా తిరిగి రాగల చోటు ఒకటి దొరికితే చాలు. దూరానికి కొలత అందరిలోకి చిన్న పిల్ల. అది "ఇంకొక చుట్టు" అంటున్నప్పుడే ఆపాలి. "కాళ్లు నొప్పి" అనేదాకా ఉంటే ఇంటిదాకా ఏడుపే.

తిరుగుముఖంలో సీటులో పిల్ల నిద్రపోతుంది. అలా తల వాల్చిన పిల్లతో తొక్కుకుంటూ రావడం మంచిది కాదు. దించి భుజాన వేసుకుని, సైకిలును నడిపించుకుంటూ గేటుదాకా రావాలి. మా ఇద్దరిలో ఆ పని ఎవరిదన్నది ప్రతి ఆదివారమూ కొత్తగా తేలవలసిందే.