గడ్డి గులాబీకి ఎండ చాలు
కంచరపాలెంలో మా డాబా మీద, అంచు పగిలిన మట్టికుండీలో గడ్డి గులాబీలు విచ్చాయి. పుట్టిల్లు దక్షిణ అమెరికా ఎండునేలలు. మన గంగవావిలి కూరకు దగ్గరి చుట్టం. నీళ్లు ఆకుల్లోనే దాచుకునే మొక్క ఇది. విశాఖ ఉక్కపోతలో కుండీ మట్టి తొందరగా ఆరదు. తెలియక రోజూ చెంబెడు పోశాను. మొదటి మొక్క కాడ మెత్తబడి కుళ్లిపోయింది. ఎంత బాధపడ్డానో! ఇప్పుడు సగానికి సగం ఇసుక కలిపాను. వేలు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు.

పొద్దెక్కాక రేకులు విప్పుతుంది, మధ్యాహ్నం దాటితే ముడుచుకుంటుంది. మబ్బు పట్టిన రోజు మొగ్గ కదలదు. పువ్వు వాడాక చిన్న కాయ మిగులుతుంది. ఎండితే పైభాగం మూతలా ఊడి వస్తుంది. లోపల ఆవగింజకన్నా ఎంతో సన్నని గింజలు. వాటిని లోతుగా పాతిపెట్టకండి. పైపైన చల్లండి, వెలుగు తగలనివ్వండి.