టివోలీ రాయి

ఇటలీ దేశంలో రోము నగరానికి తూర్పుగా సుమారు 30 కిలోమీటర్ల దూరాన టివోలీ అనే ఊరు ఉన్నది. రోము నుంచి ఆ దారిన పోతూ ఉంటే, ఊరు రాకముందే కుళ్ళిన కోడిగుడ్ల వాసన వేస్తుంది. అక్కడి ఊటనీటిలో గంధకం ఉండటమే అందుకు కారణం.

ఆ ఊటల సమీపంలోనే పెద్ద పెద్ద రాతిగనులు ఉన్నాయి. వాటిలో మీగడ రంగు మొదలు లేత గోధుమవన్నె దాకా ఉండే అందమైన రాయి దొరుకుతుంది. టివోలీ పాత పేరు టిబుర్. దానినుంచే ఈ రాయికి ‘ట్రావర్టిన్’ అనే పేరు వచ్చింది.

ఈ రాయిని తయారుచేసినది నీరే! భూమిలోపలి నీరు సున్నపురాతిని కరిగించుకుని పైకి వస్తుంది. రాగానే, సోడాబుడ్డి మూత తీసినట్టు, అందులోని బొగ్గుపులుసు వాయువు తప్పించుకుపోతుంది. అప్పుడు కరిగిన పదార్థం నీటిలో నిలవలేక పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఆ పొరలలో చిక్కిన నాచూ, గడ్డీ కుళ్ళిపోగా చిన్న చిన్న రంధ్రాలు మిగులుతాయి.

క్రీ. శ. 80లో ప్రారంభమైన కొలోసియం అనే మహా క్రీడారంగానికి బయటి గోడ ఈ రాతితోనే కట్టారు. రాళ్ళ మధ్య సున్నం పెట్టక, ఇనుప బందులతో బిగించారు. తరవాతి కాలంలో జనం ఆ ఇనుమును తవ్వుకుపోయారు. 1349లో భూకంపం వచ్చి దక్షిణపు గోడ చాలావరకు కూలింది. అయినా మిగిలిన గోడ ఈనాటికీ నిలిచి ఉన్నది.

అంతకు వందేళ్ళ ముందే విట్రూవియస్ అనే రోమను శిల్పి, టివోలీ రాయి బరువుకూ ఎండవానలకూ తట్టుకుంటుందిగాని నిప్పు తగిలితే పగులుతుందని రాశాడు. మెత్తని రాళ్ళను ఎంచటానికి ఒక ఉపాయం కూడా చెప్పాడు. ఇల్లు కట్టటానికి రెండేళ్ళ ముందు, వేసవిలో, రాళ్ళు తవ్వి ఆరుబయట పడెయ్యాలి. దెబ్బ తిన్నవి పునాదిలోకి వెయ్యాలి, చెక్కుచెదరనివి పైగోడలకు వాడాలి. అంటే, పరీక్ష పెట్టేది ఎండా వానా; ఫలితం చూసుకునేది మేస్త్రీ!

కనుక రంగు చూసి మురిసిపోతే చాలదు. ట్రావర్టిన్ గోడకు రంధ్రాలు అందమే. నేలమీద మాత్రం వాటిలో దుమ్ము చేరుతుంది, ముందే పూడ్చాలి. పులుపు పడితే దాని మెరుగు పోతుంది. మన తాండూరు బండ కూడా సున్నపురాయే. పగిలిన ముక్క దొరికితే నూరి, ఆ పొడిమీద నిమ్మరసం పిండి చూడండి. బుడగలు వస్తాయి. అవి సోడాలో ఉండే వాయువే!