మొరాయించిన డిక్కీ

2024వ సంవత్సరపు వైశాఖమున ఆడపడుచునకు సారె నిచ్చుటకై మేము అత్తగారితో కూడ రాజమహేంద్రవరమునుండి ఏలూరునకు కారులో బయలుదేరితిమి. అరిసెల డబ్బాలు, మామిడిపండ్ల బుట్ట, పరుపుచుట్ట అన్నియు డిక్కీలో క్రుక్కి, మూతను ఇద్దరము అదిమిపట్టి మూసితిమి. అత్తగారి ఇన్సులిను సంచియు పొరపాటున అందే యుండిపోయెను.

తణుకు దాటి భోజనమునకై ఆగి మీట లాగగా మూత కదలలేదు. తాళపుచెవి త్రిప్పినను ఫలము లేకపోయెను. సూదిమందు పడనిదే పెద్దావిడ అన్నము ముట్టరాదు. ఎండవేడికి ఆ మందు చెడును. ఆమె ముఖము వాడిపోవుచుండెను. మావారు ఇనుపకమ్మితో మూతను పెల్లగింప సిద్ధపడిరి.

అంతలో ప్రక్కనున్న పంక్చరు దుకాణపు ఇల్లాలు వచ్చి, "అమ్మా, మీరు మూతను క్రిందికి నొక్కుడు, అయ్యగారు మీట లాగుదురు" అనెను. అట్లు చేయగనే మూత టక్కున తెరచుకొనెను! లోని సామాను మూతను పైకి త్రోయుచుండుటచే గొళ్ళెము బిగిసిపోయినదట. నొక్కినచో ఆ బిగువు సడలునట. మీట చేతికి వదులుగా వచ్చినయెడల దానికి కట్టిన తీగ తెగినదని యెరుంగవలెననియు, అప్పుడు వెనుకసీటును మడచుటకు వీలున్నచో లోనినుండి సామాను తీసికొనవచ్చుననియు ఆమెయే తెలిపెను.

తడిగుడ్డలో చుట్టిన మందు అదృష్టవశమున చల్లగానే యుండెను. నాటినుండి మందులసంచి మా యొడిలోనే ప్రయాణము చేయుచున్నది. సారెలో రెండు డబ్బాలు తగ్గినను ఆడపడుచు అలుగదు. వేళకు మందు అందకున్న పెద్దప్రాణము తాళదు.