వుడ్‌లాండ్స్ సాంబారు

మా పెళ్ళయి యాభై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలోనూ మా ఆవిడ సాంబారు చేసినప్పుడల్లా నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "బాగానే ఉంది గాని, వుడ్‌లాండ్స్ సాంబారు కాదు" అనకుండా ఉండలేదు. కొత్తలో చిన్నబుచ్చుకునేది. పోనుపోను, నేను నోరు తెరవకముందే, "కాదు లెండి, తెలుసు" అనేది. పిల్లలకు అదొక సామెత అయి కూర్చుంది.

మొన్న మాఘమాసంలో మనవడి వడుగుకని మద్రాసు వెళ్ళాం. 1996 నుంచీ చెన్నై అంటున్నారు గాని, నా నోటికి ఇప్పటికీ మద్రాసే. తిరుగు రైలు రాత్రికి. పగలంతా ఏం చేద్దామంటే మా ఆవిడ ఠక్కున, "ఆ సాంబారేదో ఇవాళ నేను కూడా చూస్తాను" అంది. నా గుండె గతుక్కుమంది. ఎందుకో చెబుతాను.

ఉడిపి వైపు పల్లెనుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి, వంటింటి పనితో మొదలుపెట్టిన మనిషి కె. కృష్ణారావుగారు. ఆయన 1938లో రాయపేటలో రామనాథపురం రాజావారి బంగళా అద్దెకు తీసుకుని హోటలు పెట్టారు. ఆ బంగళా పేరే వుడ్‌లాండ్స్. తర్వాత 1952లో ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డులో న్యూ వుడ్‌లాండ్స్ వెలిసింది. ఆ రోడ్డులోనే కాపురమున్న రాధాకృష్ణన్ గారి పేరు ఇప్పుడు దానికి పెట్టారు. కార్లలోనే కూర్చుని తినే డ్రైవ్-ఇన్ వుడ్‌లాండ్స్ కూడా 1962లో వచ్చింది. ఒక్క కాఫీతో మూడు గంటలు కూర్చున్నా కసురుకోని చోటని దానికి పేరు. అది 2008లో మూతపడి, ఆ స్థలం పార్కయింది. నేను చెప్పే సాంబారు మాత్రం న్యూ వుడ్‌లాండ్స్‌ది.

1968లో నేను ట్రిప్లికేనులో, మరో ముగ్గురితో ఒకే గదిలో ఉంటూ ఉద్యోగానికి తిరుగుతున్నాను. ఇంటినుంచి వచ్చే మనియార్డరు ఇరవయ్యో తారీఖు దాకా వస్తే గొప్ప. ఆపైన మెస్సులో అప్పు. ఒక నెల ఆ అప్పూ పుట్టలేదు. సరిగ్గా అప్పుడే మా మేనమామ పొగాకు వ్యాపారం పనిమీద వచ్చి న్యూ వుడ్‌లాండ్స్‌లో దిగాడు. "ఒరేయ్, టిఫిను చేద్దువుగాని రా" అని కబురంపాడు. నడిచే వెళ్ళాను. ఇడ్లీలు గిన్నెలో పడేసి, అవి మునిగేదాకా సాంబారు పోశాడు సర్వరు. అయిపోతే మళ్ళీ పోశాడు. నా వంక అదోలా చూసి, అడక్కుండానే మూడోసారీ పోశాడు. మామయ్య పేపరు చదువుకుంటున్నాడు.

అప్పటికి నేను అన్నం తిని రెండు రోజులు. ఈ ముక్క మామయ్యకు చెప్పలేదు. పెళ్ళయ్యాక ఈవిడకూ చెప్పలేదు. అల్లుడు పస్తులున్నాడని అత్తవారింట తెలియడమెందుకు? సాంబారు సంగతి మాత్రం ఊరంతా చెప్పాను.

సరే, వెళ్ళాం. వాకిట్లో కార్లు పెరిగాయి. మామయ్య దిగిన గది ఎటువైపో గుర్తుపట్టలేకపోయాను. ఇడ్లీ సాంబారు వచ్చింది. నేను తినడం మానేసి ఈవిడ మొహమే చూస్తున్నాను. పరీక్ష నాదో, ఆవిడదో, హోటలుదో తెలియలేదు.

నిదానంగా నాలుగు చెంచాలు తిన్నది. "మంచి సాంబారే. ధనియాలు, కొబ్బరి అప్పటికప్పుడు నూరి వేశారు. చిన్న బెల్లంముక్క పడింది. ఉడిపివాళ్ళ పద్ధతి" అన్నది. నేనూ తిన్నాను. వంక పెట్టడానికి లేదు. అయినా నా నాలుక ఇంకేదో వెతుక్కుంటోంది. కాస్త ఎక్కువ పులుపు, ఇంగువ ఘాటు, అడుగున కరిగీ కరగని ములక్కాడ. అది ఎవరి సాంబారో తెలిసి నాకే సిగ్గేసింది.

"ఒక్కమాట అడుగుతాను, నిజం చెప్పండి. ఆ రోజు మీరు బాగా ఆకలిమీద ఉన్నారు కదూ?"

యాభై ఏళ్ళ తర్వాత చెప్పాను. రెండు రోజులనీ, కుళాయి నీళ్ళు తాగి పడుకున్నామనీ, ఆ సర్వరు మొహం ఇప్పటికీ గుర్తుందనీ. వింటూ చీరకొంగు సర్దుకుంది.

"ఈ సంగతి ముందే చెప్పి ఉంటే యాభై ఏళ్ళు నేను ఆ సాంబారుతో పోట్లాడేదాన్ని కాదు కదండీ!" అంది. గొంతులో కోపం లేదు. అటుగా పోతున్న కుర్రాణ్ణి పిలిచి, వచ్చీరాని అరవంలో, ఈయనకు ఇంకాస్త సాంబారు పొయ్యమని చెప్పింది. పోశాడు. తిన్నాను.

నా నాలుక వెతుక్కున్న సంగతి మాత్రం అక్కడ చెప్పడానికి మనసొప్పలేదు. రైలు గూడూరు దాటాక చెప్పాను.