సూది వేపించుకుంటి గదా!

"దుడ్డు పెట్టి సూది వేపించుకుంటి గదా సార్, మళ్ళా జరము వచ్చెనే!" మారికుప్పం నుంచి వచ్చిన పెద్దాయన నిలదీశాడు. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పటి గని కార్మికుడు. మూడు రోజులు మంచంలో ఉండి నాలుగోనాడు లేచి, నడిచే వచ్చాడు నాతో పోట్లాడటానికి. ఆ నడిచి రావడమే నా జవాబని చెబితే ఒప్పుకోలేదు. టీకా లేకపోయినా లేచేవాడేమో, నేను మాత్రం ఎట్లా రుజువు చేసేది?

ఫ్లూ టీకా మంచి టీకానే కానీ గొప్ప టీకా కాదు. ఆ ఏడు తిరిగే వైరస్‌కు సరిగా కుదిరినప్పుడే నూటికి నలభై నుంచి అరవై వంతులు కాపాడుతుంది. వయసు మీరిన ఒంట్లో రోగనిరోధక శక్తి మందగిస్తుంది కాబట్టి అంత కూడా దక్కకపోవచ్చు. 2018లో కోక్రేన్ సమీక్ష పాత పరీక్షలన్నీ కలిపి చూస్తే, వేయించుకోని వృద్ధుల్లో నూటికి ఆరుగురికి ఫ్లూ వచ్చింది, వేయించుకున్నవారిలో ఇద్దరు ముగ్గురికి.

మరణాలు సగానికి తగ్గుతాయని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. 2006లో సియాటెల్ పరిశోధకులు ఆ లెక్కలోని మెలిక విప్పారు. ఫ్లూ కాలం ఇంకా మొదలుకాని నెలల్లో కూడా, టీకా వేయించుకున్నవాళ్ళలో చావులు తక్కువ! అంటే కాస్త గట్టిగా ఉన్నవాళ్ళే టీకాకు వస్తున్నారన్నమాట. మా కేజీఎఫ్‌లో, అంటే కోలార్ బంగారు గనుల ఊళ్ళో, వ్యవహారం తిరగబడి ఉంటుంది. ఇక్కడ సూది అడిగేది అప్పటికే దమ్ముతో వేగలేనివాళ్ళు.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. రాతిధూళి మాత్రం ఊపిరితిత్తుల్లోంచి పోలేదు. 1940లలో జరిపిన పరీక్షల్లోనే ఇక్కడి కార్మికుల్లో నూటికి నలభై మందికి పైగా సిలికోసిస్ కనబడింది. పనిలోంచి దిగిపోయినా ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేసిన మచ్చలు గట్టిపడుతూనే ఉంటాయి. అలాంటి ఊపిరితిత్తులకు ఫ్లూ తగిలితే జ్వరం సంగతి తర్వాత, ఆక్సిజన్ సిలిండర్ వెతుక్కోవాలి.

గుండె సంగతి ఇంకొకటి. ఆండర్సన్‌పేటలో ఒకాయన వానాకాలంలో ఒళ్ళునొప్పులు, దగ్గుతో పడ్డాడు. తగ్గుతోందనుకున్న వారంలోనే గుండెపోటు. కెనడాలో 2018లో అచ్చయిన అధ్యయనం ప్రకారం ఫ్లూ సోకిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు ఆరు రెట్లు. మా పెద్దవాళ్ళు ఈ మాట విన్నాక గాని టీకా గురించి రెండో ప్రశ్న అడగరు.

మన వైపు ఫ్లూ వానలతో ఎక్కువవుతుంది, చలి చివర్లో మళ్ళీ తలెత్తుతుంది. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, నెలలు గడిచేకొద్దీ పలచబడుతుంది. అందుకే మామిడికాయల కాలంలోనే వేయించుకోమంటాను. ప్రభుత్వ టీకాల పట్టికలో వృద్ధులకు ఇది లేదు, వెయ్యికి పైన చేతి డబ్బే.

ఒక్క సూదికే డబ్బున్న ఇళ్ళు చాలా. తాతకా, కట్టెల పొగలో దగ్గే అవ్వకా, పొద్దున రైల్లో బెంగళూరు పోయి సాయంత్రానికి వైరస్‌ను ఇంటికి తెచ్చే కొడుక్కా? కొడుక్కి వేస్తే ఇంటిల్లిపాదికీ కాస్త కాపు. అతని ఒంట్లో టీకా బాగా పనిచేస్తుంది కూడా. అయినా నేను తాతకే వేస్తాను. కొడుక్కి జ్వరమొస్తే పోయేది వారం కూలి.