పార్మా సీమలో మిగులు విందు

ఉత్తర ఇటలీలోని మిలాన్ నగరం నుంచి ఆగ్నేయ దిశగా బొలోన్యాకు పోయే రైలు, పియాచెన్జా దాటినది మొదలు ఒక పురాతనమైన బాటకు తోడుగా సాగుతుంది. క్రీస్తు పూర్వం 187లో రోమన్ కాన్సల్ మార్కుస్ ఎమీలియుస్ లెపిదుస్ వేయించిన బాట అది. పియాచెన్జా, పార్మా, రెజ్జో, మోదెనా, బొలోన్యా – దారానికి గుచ్చిన పూసలవలె ఈ పట్టణాలన్నీ ఆ బాట పొడవునా వెలిశాయి. ఎమీలియా అన్న సీమ పేరు కూడా ఆ బాట నుంచి వచ్చినదే. ఉత్తరాన పో నది మైదానం. చూపు ఆనినంత మేర పచ్చిక బయళ్లు, పశువుల కొట్టాలు. దక్షిణాన అపెనైన్ పర్వతాల నీలిరేఖ. మైదానం పాలు ఇస్తుంది. కొండ గాలి ఇస్తుంది. ఈ సీమ వంట యావత్తూ ఈ రెండింటి కలయికే.

పార్మాలో దిగిన యాత్రికుడు ముందుగా దేవాలయ ప్రాంగణానికి పోవటం వాడుక. 1196లో ఆంతెలామి అనే శిల్పి ఆరంభించిన గులాబీరంగు చలువరాతి జ్ఞానస్నాన మందిరం, ప్రక్కనే ప్రధాన దేవాలయపు గుమ్మటంలో కొర్రెజ్జో చిత్రించిన స్వర్గారోహణ దృశ్యం చూచి తీరవలసినవే. నెపోలియన్ భార్య మరీ లూయీ 1847 వరకు ఇక్కడ పాలించింది. సంగీతకర్త వెర్ది 1813లో ఈ చుట్టుప్రక్కల పల్లెలోనే పుట్టాడు. అయితే మధ్యాహ్నం పన్నెండు దాటగానే ఈ కళావైభవమంతా వెనుకకు తగ్గి, వీధి వీధినా వెన్న కాగుతున్న పరిమళం ముందుకు వస్తుంది. 2015లో యునెస్కో ఈ నగరాన్ని పాకకళా నగరంగా గుర్తించింది.

ఈ పాకకళ రాజుల భోజనశాలలలో మాత్రమే పెరిగినది కాదు. మిగిలిన దానిని పారవేయటానికి మనసొప్పని ఇల్లాలి చేతిలో కూడా పెరిగింది. ఈ సీమ వారి భోజనంలో అతి సామాన్యమైన ఒక వంటకాన్ని తీసుకుని చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. అది మిగిలిపోయిన హామ్ ముక్కలను మీగడలో కలిపి చేసే పాస్తా.

కొండగాలి పని

హామ్ అంటే ఉప్పులో ఊరబెట్టిన పంది తొడ. ఇటలీలో ఆరబెట్టి చేసే దానిని ప్రొషూటో అంటారు. పార్మాకు దక్షిణాన, కొండల పాదాన ఉన్న లాంగిరానో అనే ఊరు దీనికి రాజధాని. ఊరికి దగ్గరలో పదిహేనవ శతాబ్దపు తొర్రెకియారా కోట ఉన్నది. దాని చుట్టూ ఉన్న కట్టడాలలో మాత్రం ఒక విచిత్రం కనిపిస్తుంది. అవి పొడవుగా, ఎత్తుగా ఉండి, నిలువునా సన్నని కిటికీలతో నిండి ఉంటాయి. అవి మనుషుల కోసం పెట్టిన కిటికీలు కావు. లోపల వేలాడే హామ్‌ల కోసం పెట్టినవి.

తొడకు ఉప్పు పట్టించటం ఒక ప్రత్యేక విద్య. ఆ పనివానిని ఉప్పు నిపుణుడని గౌరవంగా పిలుస్తారు. తోలు ఉన్న చోట తడి ఉప్పు, మాంసం బయటపడిన చోట పొడి ఉప్పు రాస్తాడు. ఉప్పు తక్కువైతే మాంసం చెడిపోతుంది. ఎక్కువైతే తియ్యదనం పోతుంది. తరువాత చలిగదులలో నెలల తరబడి విశ్రాంతి. ఆపైన కిటికీలు తెరచి, గాలి ఆడనిస్తారు. బయటపడిన మాంసం ఎండి బీటలు వారకుండా పంది కొవ్వు, బియ్యప్పిండి, ఉప్పు కలిపిన ముద్దను పూస్తారు. చివరకు చీకటి నేలమాళిగలలో పరిపక్వం కానిస్తారు. మాంసం, సముద్రపు ఉప్పు, గాలి, కాలం – ఇంతకు మించి ఇందులో వేరే దినుసు లేదు.

పరీక్ష మరింత ఆసక్తికరమైనది. గుర్రపు ఎముకతో చేసిన సన్నని సూదిని నిపుణుడు తొడలో నిర్ణీతమైన చోట్ల గుచ్చి, తీసి వాసన చూస్తాడు. ఆ ఎముక వాసనను క్షణంలో పీల్చుకుని, క్షణంలోనే వదలివేస్తుంది. అందువల్ల ఒక పోటు వాసన మరొక పోటులో కలవదు. ఎన్ని యంత్రాలు వచ్చినా ముక్కుకు సాటి వచ్చినది లేదు. పరీక్షలో నెగ్గిన తొడపైన పాత పార్మా సంస్థానపు కిరీటాన్ని, ఐదు కొనలతో, కాల్చి ముద్రిస్తారు. ఈ ముద్రను కాపాడే ఉత్పత్తిదారుల సంఘం 1963లో ఏర్పడింది. పురాతనమైన రోమన్ బాటకు కనీసం ఐదు కిలోమీటర్లు దక్షిణంగా, 900 మీటర్లకు మించని ఎత్తులో, ఎన్జా, స్తిరోనే వాగుల మధ్య తయారైన దానికే ఆ ముద్ర దక్కుతుంది. హద్దు దాటితే అదే మాంసం, అదే ఉప్పు అయినా ఆ పేరు పెట్టుకోవటానికి వీలు లేదు.

ఏడాదికి పైబడి ఇంత శ్రమ పడి తయారైన వస్తువును చివరి ముక్క దాకా వాడుకోకపోవటం ఈ సీమవారి దృష్టిలో దోషం. దుకాణదారుడు కాగితం వలె పలుచగా కోసి అమ్మే భాగం నడిమిది. మోకాటి వైపు చివర సన్నబడి, గట్టిపడి, యంత్రానికి అందకుండా మిగులుతుంది. దానిని చవకగా అమ్మివేస్తారు. సంసారులు దాని కోసమే కాచుకుని ఉంటారు. ఎముక పులుసులోకి పోతుంది. తోలు చిక్కుళ్లతో ఉడుకుతుంది. మాంసం సన్నగా తరిగి పాస్తాలోకో, నూరి తొర్తెల్లీనీ అనే చిన్న కజ్జికాయల పూర్ణంలోకో చేరుతుంది. బొలోన్యా వాణిజ్య మండలిలో 1974లో అధికారికంగా దాఖలైన ఆ పూర్ణం లెక్కలో పంది నడుము మాంసం, ప్రొషూటో, మోర్తదెల్లా, చీజ్, గుడ్డు, జాజికాయ ఉన్నాయి.

మీగడ ఎక్కడిది?

ఇక మీగడ సంగతి. ఈ మైదానంలో తయారయ్యే పార్మిజానో రెజ్జానో చీజ్ లోకప్రసిద్ధమైనది. సాయంత్రం పితికిన పాలను వెడల్పైన తొట్లలో రాత్రంతా కదపకుండా ఉంచుతారు. తెల్లవారేసరికి మీగడ పైకి తేలుతుంది. దానిని తీసివేసి, అడుగు పాలను ఉదయం పితికిన చిక్కని పాలతో కలిపి రాగి కాగులలో తోడు వేస్తారు. సుమారు 550 లీటర్ల పాలకు 40 కిలోల చక్రం ఒకటి వస్తుంది. ఇరవై రోజులు ఉప్పునీటిలో నాని, కనీసం పన్నెండు నెలలు చెక్క అరలపైన ముదిరిన తరువాతనే అది చీజ్ అనిపించుకుంటుంది.

తీసివేసిన మీగడ ఏమైనట్లు? వెన్నగా, వంటలోకి మీగడగా మారింది. చీజ్ విరిగిన తరువాత మిగిలిన తేటనీరు ఏమైనట్లు? పందులకు దాణా అయింది. ఆ పందుల తొడలే కొండ ఎక్కి హామ్ అయ్యాయి. మన వంటకంలో ఒక దానికొకటి సంబంధం లేనట్లు కనిపించే హామ్, మీగడ, చీజ్ మూడూ ఒకే పాలధార నుంచి చీలిన పాయలే. ఒకరి మిగులు మరొకరికి ఆధారమయ్యే ఈ వలయం ఏ పండితుడో గీసిన ప్రణాళిక కాదు. తరాల తరబడి సాగిన పొదుపు ఫలితం.

ఈ వలయంలో భారతీయులకు కూడా ఒక స్థానం ఉన్నదని చాలామందికి తెలియదు. ఆవులకు ఆదివారం లేదు, పండుగ లేదు. తెల్లవారకముందే, మళ్లీ సాయంత్రం, పాలు పితికి తీరాలి. ఇటలీ యువకులు కొట్టాల పని విడిచి కర్మాగారాలకు, నగరాలకు తరలిపోతున్న కాలంలో, పంజాబు పల్లెల నుంచి వచ్చిన సిక్కులు ఆ పనిని అందుకున్నారు. పశువుల మధ్య పెరిగిన వారికి అది కొత్త విద్య కాదు. రెజ్జో జిల్లాలోని నొవెల్లారా అనే ఊరిలో వారు కట్టుకున్న గురుద్వారాను 2000లో, నాటి యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు రొమానో ప్రోదీ ప్రారంభించాడు. పో మైదానపు పొగమంచులో తలపాగాలు, లంగరులో వడ్డించే రొట్టె, పప్పు చూచిన మన యాత్రికునికి కొంతసేపు తాను ఏ దేశంలో ఉన్నాడో స్ఫురించదు. ప్రపంచమంతటా బల్లలపైకి చేరే ఆ చీజ్‌లో మన పంజాబు చేతుల శ్రమ కూడా కలిసి ఉన్నది.

వండే విధం

వంటకం చెప్పుకోవటానికి సులభం. చేయటంలో మూడు మెలకువలు ఉన్నాయి. నలుగురికి 320 గ్రాముల పాస్తా, 150 గ్రాముల మిగిలిన హామ్, 200 మిల్లీలీటర్ల మీగడ, 50 గ్రాముల తురిమిన చీజ్, చిన్న ముద్ద వెన్న, చిటికెడు జాజికాయ పొడి, మిరియాలు కావాలి. దొరికే కాలమైతే గుప్పెడు పచ్చి బఠాణీలను ఉడికించి చేర్చుకోవచ్చు.

మొదటి మెలకువ ఉప్పును గురించినది. హామ్‌లోనూ చీజ్‌లోనూ ఉప్పు ఉన్నది గనుక పాస్తా ఉడికే నీటిలో మామూలుగా వేసే దానిలో సగమే వేయాలి. మీగడలో అసలే వేయరాదు. రెండవది మంటను గురించినది. వెన్న కరగిన తరువాత హామ్ ముక్కలను సన్నని సెగపైన, కొవ్వు మెరిసే వరకు మాత్రమే వేయించాలి. ఎర్రగా వేగితే అవి తోలు ముక్కలవలె బిరుసెక్కి, ఉప్పు కషాయమవుతాయి. అప్పుడు మీగడ పోసి, కొంచెం చిక్కబడగానే దించాలి. మీగడకు బదులు పలుచని పాలు పోస్తే విరిగే ప్రమాదం ఉన్నది. కొవ్వు నిండుగా ఉన్న మీగడ అంత త్వరగా విరగదు.

మూడవ మెలకువ అన్నిటికంటె ముఖ్యమైనది. పాస్తా పూర్తిగా ఉడకటానికి ఒక నిమిషం ముందుగానే తీసి మీగడలో వేయాలి. ఉడికిన నీటిని మాత్రం పారబోయరాదు. అందులో దిగిన పిండిపదార్థం మీగడను, కొవ్వును ఒకటిగా పట్టి ఉంచుతుంది. గరిటెడు నీరు పోసి కలిపితే ప్రతి పోగుకూ పూత పడుతుంది. చీజ్‌ను పొయ్యి దించిన తరువాతనే చల్లాలి. మరుగుతున్న దానిలో వేస్తే ఉండలు కట్టి సాగుతుంది. వెంటనే వడ్డించి, వెంటనే తినాలి. ఆలస్యమైతే మీగడ గడ్డకట్టి రుచి తగ్గుతుంది. మన ఇళ్లలో ఉప్మా ఆరనిచ్చి తినేవారిపై పెద్దలు ఎలా కోప్పడతారో, అక్కడి అవ్వలు పాస్తా ఆరనిచ్చే వారిపై అలాగే కోప్పడతారు.

మన దేశంలో క్రిస్మస్‌కు హామ్ వండుకునే ఆంగ్లో-ఇండియన్ కుటుంబాల వారు మరునాడు మిగిలిన దానిని ఇదే విధంగా వాడుకోవచ్చు. ఉడికించిన హామ్ త్వరగా చెడిపోతుంది గనుక చల్లని చోట భద్రపరచి మూడు నాలుగు రోజులలో వాడివేయాలి.

ఈ మీగడ పాస్తాకు ఒక చిన్న చరిత్ర ఉన్నది. 1970, 1980 దశకాలలో, మీగడ అట్టపెట్టెలలో నెలల తరబడి నిలవ ఉండే వస్తువైన తరువాత, ఇటలీ భోజనశాలలన్నిటా ఇది విజృంభించింది. పిమ్మట రుచిజ్ఞులు దీనిని ఎగతాళి చేశారు. మీగడ లోపాలను కప్పిపుచ్చే ముసుగు అన్నారు. తొర్తెల్లీనీని పులుసులో తప్ప తినరాదని బొలోన్యా ఛాందసులు నేటికీ వాదిస్తారు. ఇళ్లలో మాత్రం ఆ వంటకం ఎక్కడికీ పోలేదు. పిల్లలు అడుగుతారు, తల్లులు చేస్తారు.

మిగులుకు గౌరవం

మిగిలిన వంటను గౌరవించటంపైన పుస్తకమే రాసినవాడు ఈ సీమలో ఉన్నాడు. ఒలీందో గెర్రీనీ కవి. బొలోన్యా విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి. భోజనపు బల్లపైన మిగిలిన వాటిని వినియోగించే కళను గురించి అతడు రాసిన గ్రంథం, అతడు మరణించిన రెండు సంవత్సరాలకు, 1918లో వెలువడింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది అది. ఆ విద్య అవసరం లేని ఇల్లు అప్పుడు ఎక్కడ ఉన్నది?

ఆ విద్యకు మన కాలంలోనూ పరీక్షలు వచ్చాయి. 2012 మే నెలలో ఎమీలియాను రెండు భూకంపాలు కుదిపినప్పుడు గిడ్డంగులలోని అరలు కూలి, మూడు లక్షలకు పైగా చీజ్ చక్రాలు దెబ్బతిన్నాయి. మోదెనా పాకశిల్పి మాస్సీమో బొత్తూరా ఆ పగిలిన చీజ్‌తో వండదగిన ఒక అన్నపు వంటకాన్ని రూపొందించగా, దేశదేశాల వారు దానిని వండుకుని ఆ చీజ్‌ను కొన్నారు. ఆయనే 2015లో మిలాన్ ప్రదర్శన సందర్భంగా, వాడకంలో లేని ఒక నాటకశాలలో పేదల భోజనశాల తెరిచాడు. ప్రదర్శనలో మిగిలిన ఆహారమే అక్కడ సరుకు. పేరు పొందిన వంటవారు వచ్చి దానితో వండి నిరాశ్రయులకు వడ్డించారు.

కష్టాలు తీరిపోయాయని కాదు. 2022 జనవరిలో ఉత్తర ఇటలీ అడవిపందులలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడగా కొన్ని దేశాలు ఇటలీ పందిమాంసపు దిగుమతిని నిలిపివేశాయి. వందల ఏళ్లుగా ఒకదానినొకటి పోషించుకుంటున్న వలయంలో ఒక్క కొక్కెం ఊడినా అంతా సడలుతుంది. కొట్టంలో పాలు పితికేవాడు మొదలుకొని కొండపైన సూది గుచ్చి వాసన చూచేవాడి వరకు అందరికీ ఆ భయం తెలుసు.

చద్దన్నం విలువ తెలిసిన మనకు ఈ సీమ నేర్పేది కొత్త పాఠం కాదు, మరచిపోతున్న పాఠం. పంది మాంసం తినని వారు సైతం పార్మా నుంచి ఇంటికి తెచ్చుకోదగినది ఒకటి ఉన్నది. మిగిలిన దానిని చూచి, ఇది ఎందరి శ్రమ, ఎన్ని నెలల కాలం అని ఒక్క క్షణం ఆలోచించటం. ఆ ఆలోచన వచ్చిన తరువాత చెత్తబుట్ట వైపు చేయి అంత తేలికగా పోదు.